అధ్యక్షుల వారి ఓపెన్ టాప్ కారు

శనివారం సాయంత్రం ఆరు గంటల దాకా మూడో అంతస్తులోని కట్టుడు పళ్ల మేస్త్రి గొప్పవాడు కాడు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికల్లా అయ్యాడు. ఈ మధ్యనున్న పద్నాలుగు గంటల్లో అతను కొత్త విద్య ఏదీ నేర్చుకోలేదు, ఎవరి ప్రాణమూ కాపాడలేదు, అందులో సగం నిద్రపోయాడు కూడా. అయినా ఆ పదహారు ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. కింద పోర్టికోలో ఒక ఓపెన్ టాప్ కారు నిలబడి ఉంది. అంతకు మించి కారణం అడిగేవాడికి లోకజ్ఞానం లేదనే చెప్పాలి.

ఆ అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘానికి ఒక నియమావళి ఉంది. రాసింది కార్యదర్శి గారు. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. కాగితం మీద లేని వస్తువు లోకంలోనూ లేనట్టేనని ముప్ఫై ఏళ్లు నమ్మి, ఆ నమ్మకానికే ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నారు. మిగతా అపార్ట్‌మెంట్లలో అధ్యక్ష పదవికి ఎన్నికలు పెట్టుకుని, ఆ తర్వాత ఏడాది పొడుగునా ఇరుగుపొరుగువాళ్లు ముఖాలు తిప్పుకుని తిరగడం ఆయన గమనించారు. అందుకని ఏడో నియమం ఇలా రాశారు: సభ్యుల వాహనాలన్నిటిలో, కొత్తగా షోరూములో ఉన్న నాడు ఏది అత్యధిక ధర పలికిందో, దాని యజమానే అధ్యక్షుడు. పోర్టికోలో బండి నిలిపే హక్కు అతనిదే. ఎవరు ఎంతకు కొన్నారో అడగడం మర్యాద కాదు కనుక, షోరూము ధరనే ప్రమాణంగా తీసుకున్నారు. ఇంత నాగరికమైన ఏర్పాటు మరెక్కడైనా ఉంటే నాకు తెలియదు.

ఈ నియమం ప్రకారం రెండో అంతస్తులోని సిమెంటు డీలరు తొమ్మిదేళ్లుగా అధ్యక్షుడు. మేస్త్రికి ఉన్నది ఒక స్కూటరు. దాన్ని నీళ్ల ట్యాంకు వెనకాల పెట్టుకోవాలి. పంతొమ్మిదేళ్లుగా అదే అంతస్తులో ఉంటున్నా, లిఫ్టులో కలిసినవాళ్లు "ఏ అంతస్తు పళ్లాయనా?" అని అడిగేవారు. అలా అడిగిన నోళ్లలో ఆరింటికి పళ్లు చేసింది అతనే.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టడానికి లేదు. దంతాల ఆసుపత్రి మేడ మీద ఒక చిన్న గదిలో కూర్చుని, డాక్టర్లు పంపిన దవడ అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంలో పళ్లు గుచ్చి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి పంపుతాడు. వెంట్రుకలో సగం తేడా వచ్చినా నాలుక పట్టేస్తుందని, ఒక్కో పన్నును నాలుగుసార్లు కొరికించి చూస్తాడు. ఇంత జాగ్రత్త కలిగిన మనిషి కారును ఒక్కసారి కూడా నడిపి చూడకుండా కొన్నాడు. మర్యాదస్తుల వస్తువును పరీక్షించడం బాగుండదని అతనికి తోచింది.

కారు చూపించింది అతని బావమరిది. పాత కార్ల అడ్డాలో కమీషను మీద పనిచేస్తాడు.

"బావా, ఇది కొత్తలో మీ అపార్ట్‌మెంటులో మూడు ఫ్లాట్ల ఖరీదు. ఇప్పుడు చిన్న డబ్బా కారు రేటుకి ఇస్తున్నారు. రెండు నెలలు నీ దగ్గరుంచుకో, మూడింతలకి నేను అమ్మిపెడతా. అక్క కొట్టుకి అడ్వాన్సూ అయిపోతుంది, నీకు కొత్త స్కూటరూ వస్తుంది."

కారు అప్పటికి నలుగురు పెద్దమనుషుల చేతులు మారింది. మొదటాయన దాన్ని నాలుగేళ్లు ఉంచుకున్నాడు, రెండో ఆయన రెండేళ్లు, మూడో ఆయన ఎనిమిది నెలలు, నాలుగో ఆయన పదకొండు రోజులు. గిరాకీ ఎలా పెరుగుతోందో చూడమని బావమరిది చెప్పాడు. బావా బావమరుదులు చూడ్డానికి వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంది. మన కోసమే సిద్ధం చేసి పెట్టారని బావమరిదే వివరించాడు.

కొట్టు సంగతి చెప్పాలి, ఎందుకంటే డబ్బు దానిదే. మేస్త్రి ఇల్లాలు ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని స్కూలు యూనిఫాంలు, గౌన్లు, చొక్కాలు కుడుతుంది. గుడ్డముక్కల మధ్యే భోజనాలు, గుడ్డముక్కల మధ్యే నిద్రలు. బస్‌స్టాపు పక్కన కార్యదర్శి గారికి ఒక చిన్న కొట్టు ఉంది. అందులో ఉన్న చెప్పులాయన రెండు నెలల్లో ఖాళీ చేస్తున్నాడు. నెలకు ఇంతని అద్దె, ముందు ఇంతని అడ్వాన్సు, అన్నీ నోటిమాటగా అయిపోయాయి. ఆ అడ్వాన్సుకూ, కొట్టులోకి కావలసిన సామానుకూ కలిపి ఆమె పదకొండేళ్లు కూడబెట్టింది. ఆ కొట్టులో తన మిషను ఏ గోడకు వేయాలో, అద్దం ఎక్కడ పెట్టాలో కూడా ఆమె కొలిచి వచ్చింది.

డబ్బు అడిగినప్పుడు ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు.

"వానొస్తేనో?"

"మీట నొక్కితే పద్దెనిమిది సెకన్లలో టాపు మూసుకుంటుంది."

"నొక్కి చూశారా?"

"తెరిచి చూశాం," అన్నాడు మేస్త్రి.

ఆమె బీరువా తాళం తీసి ఇచ్చింది. రెండు నెలలే కదా అనుకుంది. పంతొమ్మిదేళ్ల కాపురంలో అతను తనకంటూ ఏదీ అడగలేదు, అది కూడా ఆమెకు గుర్తుంది.

శనివారం సాయంత్రం కారు గేట్లోకి వచ్చింది. బాల్కనీలన్నీ జనంతో నిండిపోయాయి. మేస్త్రి మీట నొక్కాడు. వెనకనుంచి టాపు సగం లేచి, గాల్లో నిటారుగా ఆగి, కాసేపు అందరినీ చూసి, తిరిగి లోపలికి వెళ్లిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. టాపు చేయగలిగింది అంతేనని మేస్త్రికి తెలియడానికి మరో గంట పట్టింది.

ఆదివారం ఉదయం సిమెంటు డీలరు తన కారును పోర్టికోలోంచి తీసి ఎండలో పెట్టుకున్నాడు. కార్యదర్శి గారు కొత్త అధ్యక్షులకు స్వాగతం పలుకుతూ, కష్టపడి పైకి వచ్చినవాళ్లంటే తమ సంఘానికి మొదటినుంచీ గౌరవమేనని, అయితే ఎవరు పైకి వచ్చారో ఇంతకాలం తెలియక ఆ గౌరవం తమ దగ్గరే నిలవ ఉండిపోయిందని ప్రసంగించారు. ఆ రోజు లిఫ్టులో ఒకాయన "మూడో అంతస్తే కదా సార్?" అని తనే మీట నొక్కాడు. మేస్త్రి ఇంటికి వచ్చి ఆ సంగతి ఇల్లాలికి రెండుసార్లు చెప్పాడు.

మంగళవారం వాన వచ్చింది. టాపు మూతపడని కారులో మేస్త్రి ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. కూడలిలో పోలీసు అన్ని వైపులా బళ్లు ఆపి, సెల్యూటు కొట్టి అతన్ని పంపాడు. వానలో తడుస్తూ కారు నడిపే స్తోమత మామూలువాళ్లకు ఉండదని పోలీసుకు తెలుసు. కారులో చేరిన నీళ్లను మేస్త్రి తన ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నెతో తోడి పోశాడు. గురువారం కారు కదలనంది.

అటువంటి కార్లకు వేరే షెడ్డు ఉంటుంది. అక్కడి మెకానిక్కు తెల్ల చొక్కా వేసుకుంటాడు, కారు మీద చెయ్యి వేయడు, ముందు కంప్యూటరు తగిలిస్తాడు. కంప్యూటరు నలభై ఒక్క లోపాలు చూపించింది. అవన్నీ ఒకేసారి బాగుచేయడం కారుకు మంచిది కాదని, ముందు టాపు లేపే మోటారుతో మొదలుపెడదామని మెకానిక్కు సలహా ఇచ్చాడు. నలభై ఒక్కటికీ కలిపి ధర విని మేస్త్రి అక్కడే ఉన్న టైరు మీద కూర్చున్నాడు.

"కారే అంత పెట్టి కొనలేదండీ," అన్నాడు.

"కారు రేటు పడిపోయింది సార్, నిజమే," అన్నాడు మెకానిక్కు ఓదార్పుగా. "ఆ సంగతి దాని పార్టులకి ఇంకా ఎవరూ చెప్పలేదు."

అప్పటినుంచి మేస్త్రి డబ్బును డబ్బుగా లెక్కపెట్టడం మానేశాడు. భయం వేసేది. పళ్లలో లెక్కపెట్టుకునేవాడు. టాపు మోటారు అంటే ఇరవై తొమ్మిది నిండు సెట్లు. ఇరవై తొమ్మిది మంది బోసినోటివాళ్లు ఒక్క నెలలో ఈ ఊళ్లో దొరకాలి. బ్యాటరీ ఐదు సెట్లు. తలుపు అద్దం కిందికి దిగితేనే టాపు కదులుతుందట, ఆ అద్దం దిగడానికి ఏడు పై వరసలు. వీధిలో వెళ్తూ అతను ముసలివాళ్ల నోళ్ల వంక ఆశగా చూసేవాడు. అధ్యక్షుడైనా పెద్దవాళ్లను ఎంత ఆప్యాయంగా పలకరిస్తాడో అని జనం చెప్పుకున్నారు.

షెడ్డులో యజమానులు కూర్చోవడానికి ఒక చల్లని గది ఉంది. అక్కడివాళ్లంతా బిల్లులు ఒళ్లో పెట్టుకుని, ఒకరి అంకెను ఒకరు ఓరకంట చూసుకుంటూ ఉంటారు. గేరుబాక్సు మార్చినవాళ్లు సోఫాలో, ఇంజను దింపినవాళ్లు దానికి ఎదురుగా, చిన్నచిన్న బిల్లులవాళ్లు తలుపు దగ్గర స్టూళ్ల మీద. మొదటిసారి మేస్త్రి స్టూలు మీదే కూర్చున్నాడు. మూడోసారికి సోఫాలో చోటిచ్చారు. పక్కాయన అతని బిల్లు చూసి, తనది కన్నా ఎక్కువ కావడంతో, లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఇంటికి తిరిగివస్తూ మేస్త్రి కొంచెం సంతోషపడ్డాడని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ పడ్డాడు.

రాబోయే పళ్ల కూలీ ఆసుపత్రిలో ముందే తీసుకుని కట్టాక, రెండో నెలలో మోటారు వచ్చింది, వేశారు. టాపు ఇప్పుడు ముప్పావు దాకా లేస్తోంది. మిగిలిన పావుకు ఒక సెన్సరు కావాలన్నారు. సెన్సరు కోసం మేస్త్రి స్కూటరు అమ్మేశాడు. సెన్సరు వేశాక టాపు లేవడం పూర్తిగా మానేసింది, బదులుగా హారను దానంతటదే మోగడం మొదలైంది. ఆ తర్వాత ముందు చక్రాల మీద కారు బరువు మోసే గాలి బుడ్డి ఒకటి చచ్చి, కారు ముందుకు వంగి ఒక పక్కకు ఒరిగిపోయింది. మెకానిక్కు చెప్పిన ధర పళ్లలో చూసుకుంటే ఊరు చాలలేదు. దాన్ని తోయించుకుని వచ్చి పోర్టికోలో పెట్టారు. అధ్యక్షుల వారి వినయం కారుకు కూడా అబ్బిందని కార్యదర్శి గారు మెచ్చుకున్నారు.

మేస్త్రి రోజూ ఆసుపత్రికి నడిచి వెళ్తున్నాడు. రాను నాలుగు మైళ్లు, పోను నాలుగు మైళ్లు. కారు ఉండి కూడా నడుస్తున్నాడంటే ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అని, ఐదో అంతస్తు దంపతులు కూడా నడక మొదలుపెట్టారు.

చెప్పులాయన ఖాళీ చేయడానికి వారం ఉందనగా బావమరిది ఒకణ్ని తీసుకొచ్చాడు. పాత సామాన్ల వర్తకుడు. కారును విప్పి ముక్కలుగా అమ్ముకుంటాడట. అతను చెప్పిన ధర కొన్నదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. సరిగ్గా కొట్టు అడ్వాన్సుకు సరిపోతుంది.

"ఇచ్చేయండి," అంది ఇల్లాలు. "పోయింది పోయింది. కొట్టు ఉంటే మళ్లీ కూడబెట్టుకోవచ్చు."

"ఇచ్చేద్దాం," అన్నాడు మేస్త్రి. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆమె వెంటనే వెళ్లి కార్యదర్శి గారితో అడ్వాన్సు సిద్ధమని చెప్పింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, అద్దె ఇప్పుడు మూడింతలని చెప్పారు.

"అదేంటండీ, మాట అనుకున్నాం కదా?"

"అది మీకు కారు లేనప్పటి మాటమ్మా. అంత కారున్నవాళ్లని ఆ అద్దె అడిగితే, మిమ్మల్ని నేను తక్కువ చేసినట్టు కాదూ?"

కారు నడవదని, తుక్కు కింద అమ్మేస్తున్నామని ఆమె చెప్పింది. ఆయన ఆ మాటను మర్యాద కింద జమకట్టుకుని నవ్వారు.

"మీరలా అంటున్నారు గానీ సంఘం పుస్తకంలో అలా లేదమ్మా. పుస్తకంలో ఉన్నదే నాకు లెక్క. ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. వచ్చి ఈ ముక్కే అక్కడ చెప్పండి. మినిట్స్‌లో ఎక్కి, అధ్యక్షుల సంతకం పడిందా, పాత అద్దెకే తాళం మీ చేతిలో పెడతాను. నేను మాట తప్పను."

నిజంగానే ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆదివారం కింద హాల్లో కుర్చీలు వేశారు. ముందు వరసలో అధ్యక్షుల కుర్చీ, దానికి మాత్రమే చేతులున్నాయి. ఇల్లాలు వెనక గోడ దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డల సంచి ఉంది, సమావేశం కాగానే ఎవరికో యూనిఫాంలు అప్పజెప్పాలి. నీళ్ల మోటారు, మెట్ల మీద చెత్త, పావురాల బెడద, ఈ విషయాలన్నీ చర్చించి వాయిదా వేశాక ఆమె పేరు పిలిచారు.

"నాకు మాట్లాడ్డం రాదండీ, కొలతలే వచ్చు," అంది ఆమె. "ఈ కారు నా కుట్టుకూలి డబ్బుతో కొన్నాం. పదకొండేళ్లు కుట్టాను. తెచ్చిన రోజు నుంచి దీని టాపు మూతపడలేదు. రెండు నెలల్లో తొమ్మిది రోజులు నడిచింది. మా ఆయన స్కూటరు అమ్మి దీనికేదో వేయించారు, అది వేయించాక ఉన్నదీ పోయింది. ఆయన నడిచి వెళ్తోంది ఆరోగ్యం కోసం కాదండీ, చెప్పులు కూడా అరిగిపోయాయి. మేం గొప్పవాళ్లం కాదు. నాకు కొట్టు కావాలి. అది రాసుకోండి, చాలు."

  ఆమె గొంతు ఇంతమంది ముందు వినడం మేస్త్రికి అదే మొదటిసారి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. లేచి, అవునండీ అని ఒక్క మాట అంటే చాలు, అంతా అయిపోతుంది. అతను కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయాడు కూడా.

అంతలో కార్యదర్శి గారు లేచారు.

"అమ్మా, మీరు చెప్పిందంతా మాకు మొదటి రోజే తెలుసు. టాపు సగంలో ఆగడం పదిహేను బాల్కనీల్లోంచీ చూశాం. తెలియక చప్పట్లు కొట్టామనుకున్నారా? తెలియడం వేరు, రాసుకోవడం వేరు. ఈ కారు వచ్చాక ఇక్కడి ఫ్లాట్ల అద్దెలు పెరిగాయి. బ్రోకరు ముందు కారు చూపించి తర్వాత గదులు చూపిస్తున్నాడు. నాలుగో అంతస్తాయనకి బ్యాంకు లోను ఆరు నెలలుగా రాలేదు. మేనేజరు ఇంటికొచ్చి పోర్టికో చూసి వెళ్లాడు, మర్నాడే ఇచ్చారు. ఇది మీ ఒక్కరి కారు కాదు తల్లీ. మా అందరి పరువూ దాని మీదే కూర్చుని ఉంది. అలాంటిదాన్ని పట్టుకుని నడవదని పుస్తకంలో రాస్తే, రేపు మేం ఏ ముఖం పెట్టుకుని నడవాలి?"

అందరూ తలలు ఊపారు. ఆయన పుస్తకం తెరిచారు. మినిట్స్ అప్పటికే రాసి ఉన్నాయి. సమావేశాలు ఆలస్యం కాకూడదని ఆయన ముందురోజే రాసి పెట్టుకుంటారు. గట్టిగా చదివారు: 'అధ్యక్షుల వారి సతీమణి తమ కారును గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఎన్ని అవసరాలు వచ్చినా దాన్ని అమ్మబోమని, పోర్టికోలోనే శాశ్వతంగా ఉంచుతామని దంపతులు హామీ ఇచ్చారు. సభ్యులు హర్షం వెలిబుచ్చారు.'

"అభ్యంతరం ఉంటే కొట్టేసి, అమ్మగారు చెప్పినట్టే రాస్తాను," అంటూ పెన్ను మూత తీసి అధ్యక్షుల ముందు పెట్టారు. "తమ ఇష్టం సార్. నేను గుమాస్తాను."

మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. ఇల్లాలు సంచి ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుని అతని వంకే చూస్తోంది. కోపంగా ఏమీ లేదు. ఇతను నా మనిషి, చేస్తాడు అన్న ధీమాతో చూస్తోంది. ఆ చూపు చూసి అతను పెన్ను అందుకుని, మొదటి వాక్యాన్ని కొట్టేయడానికి దాని మీద మొన పెట్టాడు. ఆ క్షణంలో అతను కొట్టేసేవాడే. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

సిమెంటు డీలరు సంతోషం పట్టలేకపోయాడు. తొమ్మిదేళ్ల పోర్టికో తిరిగి తన చేతికి వస్తోంది. ముందుకు వంగి, ఎంతో ఆత్మీయంగా అన్నాడు:

"మంచిపని. కొట్టేయండి పళ్లాయనా."

పెన్ను ఆగింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. హాలంతా అతని వైపే చూస్తోంది. అతను పెన్ను మొనను నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ వెళ్లి, పేజీ అడుగున సంతకం పెట్టాడు. పన్ను గుచ్చినంత జాగ్రత్తగా, ఒక్క గీత కూడా బయటికి పోకుండా పెట్టాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇల్లాలు కొట్టలేదు, ఆమె చేతిలో సంచి ఉంది. యూనిఫాంల ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారని చెప్పి, మేస్త్రి లేచి వచ్చేలోపే వెళ్లిపోయింది. కొట్టులో మరుసటి వారం ఒక సెల్‌ఫోన్లాయన దిగాడు. మూడింతల అద్దెకు.

మినిట్స్ పుస్తకం ఇప్పటికీ కార్యదర్శి గారి బీరువాలో భద్రంగా ఉంది. అద్దెకు వచ్చేవాళ్లకు ఆయన ఆ పేజీ తీసి చూపిస్తుంటారు. చదివినవాళ్లు కారంటే ఆ భార్యాభర్తలకు ఎంత ప్రాణమో అని ముచ్చటపడి, అడ్వాన్సు ఇచ్చి వెళ్తారు. మీరైనా అంతే. మూడో అంతస్తులో భోజనాల వేళకు కూడా ఆగని మిషను చప్పుడు మీకూ వినబడుతుంది, ఎవరింట్లోదండీ అని అడుగుతారు, జవాబు వచ్చేలోపే పోర్టికోలో ఎడం పక్కన రెండో బండికి చోటుందా అని అడుగుతారు.